అప్‌డేట్: కాగితాలు లేని తమ్ముడి కాలేజీ ఫీజు, కాలిఫోర్నియా

జులైలో అడిగింది నేనే. తమ్ముడు చిన్నప్పుడే వచ్చాడు, వీసా గడువు తీరి ఏళ్లయింది, కమ్యూనిటీ కాలేజీ బిల్లులో స్థానికేతరుల ఫీజు వేశారు, ఏం చేయాలని. సమస్య తీరింది. ఓపికగా జవాబులు రాసిన వారందరికీ కృతజ్ఞతలు.

పని చేసింది ఏబీ 540 సలహాయే. ఇక్కడ హైస్కూలు చదివినవారికి కాగితాలు లేకపోయినా స్థానికుల ఫీజే వేయాలనే కాలిఫోర్నియా చట్టం అది. తమ్ముడు ఇక్కడే నాలుగేళ్లు హైస్కూలు చదివి పాసయ్యాడు. చట్టం అడిగేది మూడేళ్లే. అఫిడవిట్ ఒక్క కాగితం. అందులో "అర్హత రాగానే చట్టబద్ధ హోదాకు దరఖాస్తు చేస్తాను" అన్న వాక్యం చూసి అమ్మ రెండు రోజులు సంతకం పెట్టనివ్వలేదు. కౌన్సెలర్ కూర్చోబెట్టి వివరించాక ఒప్పుకుంది. మార్కుల జాబితాతో కలిపి ఇచ్చాం. కొత్త బిల్లులో ఆ పెద్ద అంకె మాయమై, కోర్సు యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున 12 యూనిట్లకు 552 మిగిలింది. రాష్ట్ర ఆర్థిక సాయం కోసం కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు పెట్టాక, ఫీజు మాఫీ చేసే ప్రామిస్ గ్రాంటు కింద అదీ మాఫీ అయింది. పుస్తకాల ఖర్చు మాత్రం మాదే.

సోషల్ సెక్యూరిటీ నంబరు గురించి నేను పడిన బెంగ అనవసరం. ఆ దరఖాస్తుకు అది అక్కర్లేదు. డాకా (చిన్నప్పుడే వచ్చినవారికి బహిష్కరణ నుంచి ఇచ్చే తాత్కాలిక రక్షణ) కూడా అవసరం పడలేదు. ఫాఫ్సా నింపకండి, అది ఫెడరల్ ప్రభుత్వపు ఆర్థిక సాయం దరఖాస్తు. రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంటుకు గడువు మార్చి 2 దాటిపోయిందని కంగారు పడ్డాను కానీ, కమ్యూనిటీ కాలేజీ వారికి దానికి సెప్టెంబరు 2 వరకు మరో అవకాశం ఉంది. దాని జవాబు ఇంకా రాలేదు.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) చెల్లుబాటులో ఉన్న పిల్లలకు మాత్రం ఈ ఏబీ 540 దారి వర్తించదట, అదొక విడ్డూరం.