మండువా లోగిలిలో సైకలాజికల్ థ్రిల్లర్: రాత్రి సీన్లు ఎలా తీయాలి?

ప్రశ్న: నవల పూర్తి చేయడానికి కోనసీమ లంకలో పాత మండువా లోగిలికి (మధ్యలో పైకప్పు లేని వాకిలి, అంటే మండువా, ఉన్న ఇంటికి) వచ్చిన రచయిత, అతని రాతను చెడగొట్టే అపరిచితుడు. ఇద్దరే నటులు. జూలైలో షూటింగ్ పెట్టుకోవచ్చా? రాత్రి భయం ఎలా పుట్టించాలి?

జవాబు 1: జూలై వద్దండి. అది గోదావరి వరదల కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక ఇస్తారు. ఆపాటికే కొన్ని లంకల కాజ్‌వేలు మునిగిపోతాయి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు, బురదే కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి మేలు. పొద్దున్నే మంచు ఉచితం.

జవాబు 2: భయమంతా శబ్దంలోనే ఉంటుంది. ప్రతి గదిలో, మండువాలో, ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఉత్త గది శబ్దం రికార్డు చేయండి. కీచురాళ్ల మోత టేకు టేకుకీ మారుతుంది. ఆ నిమిషం చేతిలో లేకపోతే ఎడిటింగ్‌లో షాటు మారిన ప్రతిచోటా శబ్దం తేడా చెవికి తగులుతుంది. అపరిచితుడు గుమ్మంలోకి రాగానే ఆ మోతను ఠక్కున ఆపేయండి. సంగీతం అక్కర్లేదు.

జవాబు 3: మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేముల్లో తీస్తూ షట్టర్ స్పీడు 1/50 సెకను పెట్టండి, లేకపోతే ట్యూబులైటు మినుకుమంటుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సుకు చెమ్మ పడుతుంది. కెమెరా సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచండి.

జవాబు 2: ఇంకోటి. వెలుగు మండువాలోంచే రానివ్వండి, రచయిత బల్ల దానికి వీపు పెట్టేలా వేయండి. వెనక నీడ కదిలితే అతనికంటే ముందు ప్రేక్షకుడికే తెలుస్తుంది.