రేటు 850, మూడు కిలోలు… బిల్లు 850850850?

పలాస జీడిగింజ:
అందరికీ నమస్తే. బీకాం రెండో ఏడాది. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. మా నాన్న కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. ఆయనకి చిన్న బిల్లు ప్రోగ్రాం రాసిద్దామని కూర్చున్నాను. రేటు అడగాలి, కిలోలు అడగాలి, గుణించి చెప్పాలి. మొదట టైప్ ఎర్రర్ వచ్చింది. వీడియోలో ఎవరో ఇంట్ (కొట్టినదాన్ని పూర్ణసంఖ్యగా మార్చేది) పెట్టమన్నారని పెట్టాను, ఎర్రర్ పోయింది. ఇప్పుడు 850, 3 ఇస్తే 850850850 వస్తోంది. నాన్న చూసి "ఈ లెక్కన ఒక్క బేరంతో పలాస మొత్తం కొనేయొచ్చురా" అని ఒకటే నవ్వు. ఇదేటి, ఏటైనాది?

రాజాం మాస్టారు:
బాబూ, స్క్రీన్ ఫోటో పెట్టావు, సగం నీ బొటనవేలే ఉంది. కోడ్ కాపీ చేసి పెట్టు. ఒక్క ప్రశ్న: ఇంట్ ఎన్ని చోట్ల పెట్టావు?

పలాస జీడిగింజ:
కిలోల దగ్గర ఒక్కచోటే మాస్టారూ.

బొబ్బిలి అక్క:
దొరికింది తమ్ముడూ. ఇన్‌పుట్‌కి నువ్వు ఏం కొట్టినా అక్షరాల వరసగానే తెచ్చిస్తుంది. 850 నీకు డబ్బు, దానికి ఎనిమిది, ఐదు, సున్నా అనే మూడు గుర్తులు. వాటిని 3తో గుణించమంటే మూడుసార్లు పక్కపక్కన రాసిపెట్టింది. సరుకుని తూచకుండా సంచికి కట్టిన చీటీని మూడు కాపీలు తీసినట్టు. మొదట వచ్చిన ఎర్రర్ కూడా అందుకే: అప్పుడు రెండూ చీటీలే, చీటీని చీటీతో గుణించడం దానికి రాదు. ఇలా రాసి చూడు:

రేటు = ఇంట్(ఇన్‌పుట్("రేటు ఎంత? "))
కిలోలు = ఫ్లోట్(ఇన్‌పుట్("ఎన్ని కిలోలు? "))
ప్రింట్(రేటు * కిలోలు)

ఇంట్, ఫ్లోట్, ఇన్‌పుట్, ప్రింట్ మాత్రం ఇంగ్లిషు చిన్నక్షరాల్లో కొట్టు. రేటు, కిలోలు తెలుగులో ఉంచినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. కిలోల దగ్గర ఫ్లోట్, అంటే పాయింటున్న సంఖ్య, ఎందుకంటే, ఎవరైనా రెండున్నర కిలోలు అడిగి నువ్వు 2.5 కొడితే ఇంట్ మొరాయిస్తుంది, వాల్యూ ఎర్రర్ ఇస్తుంది.

రాజాం మాస్టారు:
అక్కగారూ, మూడు లైన్లూ ఇచ్చేశారు! ఇంట్ ఇంకెక్కడ పెట్టాలో వాడినే వెతుక్కోనిస్తే బాగుండేది.

బొబ్బిలి అక్క:
మొదటిసారి మన గుమ్మం ఎక్కినవాడికి కడుపునిండా పెట్టాలి మాస్టారూ. రెండోసారి నుంచి మీ ఇష్టం.

ఆమదాలవలస ప్యాసింజర్:
ఫోన్‌లో రాసేవాళ్లకి నా అనుభవం. కీబోర్డు లైను మొదట్లో పెద్దక్షరం దానంతటదే వేసేస్తుంది. ప్రింట్‌లో మొదటి అక్షరం పెద్దదైతే నేమ్ ఎర్రర్. ఈ సంగతి తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది. సెట్టింగ్స్‌లో ఆటో క్యాపిటల్ ఆపీసి కూర్చోండి. ఇంకోటి, నోట్సు పీడీఎఫ్ నుంచి కోడ్ కాపీ చేస్తే కోట్ గుర్తులు వంకరగా వస్తాయి, పైథాన్‌కి నిటారు కోట్లే కావాలి. నేను ఫీజు కట్టి చేరిన కోచింగ్‌లో మూడు నెలలు ప్రోగ్రాములు బట్టీ పట్టించారు గానీ ఒక్కటీ నడిపించలేదు. ఇవన్నీ ఇక్కడికొచ్చాకే తెలిశాయి.

పలాస జీడిగింజ:
అక్కా, 850, 2.5 ఇస్తే 2125.0 వచ్చీసింది! కానీ లెక్కని ముందు ఒక పేరులో పెట్టి, తర్వాత ప్రింట్ చేద్దామని బిల్‌మొత్తం అని పేరు పెట్టాను. వెంటనే సింటాక్స్ ఎర్రర్. "ఇన్‌వాలిడ్ నాన్ ప్రింటబుల్ క్యారెక్టర్ యూ+200సీ" అంటోంది. ఎంత చూసినా అక్కడ ఏమీ కనబడట్లేదు.

రాజాం మాస్టారు:
ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు రాశావు, శభాష్. అందులోనే జవాబుంది. తెలుగులో "ల్" పక్కన "మ" కొడితే కిందకి ఒత్తుగా దిగిపోతుంది. అలా దిగకుండా కీబోర్డు మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడుతుంది. మనం చదువుకోడానికి అది మంచిదే, పైథాన్ మాత్రం పేర్లలో దాన్ని రానివ్వదు. "మొత్తం" అని పెట్టుకో, గొడవ ఉండదు.

సరదాకి ఇంకోటి చెయ్యి. శ్రీకాకుళం అనే మాటకి లెన్, అంటే పొడవు, ఎంతో అడుగు. మనకి నాలుగక్షరాలు, అది 10 అంటుంది. ఒక్క "శ్రీ"కే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు లెక్కేస్తుంది. తెలుగు పేర్లని వెడల్పు చూసి వరసలో సర్దాలనుకున్నప్పుడు ఇది నిన్ను తప్పక ఏడిపిస్తుంది.

పలాస జీడిగింజ:
10 అనే వచ్చింది మాస్టారూ! మళ్లీ ఒక తిరకాసు. నాన్న కాటా గ్రాముల వరకూ చూపిస్తుందట. పాయింట్ల లెక్క నమ్మొచ్చా అని అడుగుతున్నారు.

రాజాం మాస్టారు:
మీ నాన్నగారు గట్టి మనిషి. 0.1కి 0.2 కలిపి ప్రింట్ చెయ్యి. ఏం వచ్చిందో ఇక్కడ రాయి. జవాబు నేను చెప్పను.

పలాస జీడిగింజ:
0.30000000000000004. అమ్మో.

ఆమదాలవలస ప్యాసింజర్:
కంప్యూటర్ లెక్కంతా 0, 1 అనే రెండే అంకెలతో, అందులో 0.1 సరిగ్గా పట్టదు తమ్ముడూ. మనం మూడో వంతుని 0.333 అని రాసుకుంటూ పోయినట్టు అదీ ఎక్కడో ఒకచోట తెంపేస్తుంది.

బొబ్బిలి అక్క:
ఈసారి నేనూ కోడ్ ఇవ్వను. ఒక్క మాట: కాటా గ్రాములు చూపిస్తుంటే నువ్వు కిలోలు ఎందుకు అడుగుతున్నావు?

పలాస జీడిగింజ:
అర్థమైంది! గ్రాములే అడిగి ఇంట్‌లో పెట్టాను, రేటుతో గుణించి చివర్లో 1000తో భాగించాను. 2480 గ్రాములకి 2108.0. నాన్న కాగితం మీద వేసి చూసి సరే అన్నారు. అన్నట్టు, ఒక్కడినే చేస్తుంటే రెండు రోజులకే వదిలేస్తున్నాను. ఎవరైనా కలిసి నేర్చుకుంటారా?

ఆమదాలవలస ప్యాసింజర్:
మేం నలుగురం ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుంటాం. ఇద్దరిద్దరుగా విడిపోతాం. ఒకరు టైపు చేస్తారు, రెండోవాళ్లు ఏం కొట్టాలో నోటితో చెప్తారు. చెప్పేవాళ్లు కీబోర్డు ముట్టకూడదు, కొట్టేవాళ్లు సొంతంగా ముందుకెళ్లకూడదు. 20 నిమిషాలకి తిరగేస్తాం. మొదటి వారం దెబ్బలాట అవుద్ది, నేనూ మా బావా పది రోజులు మాట్లాడుకోలేదు. కానీ నోటితో చెప్తున్నప్పుడే సగం తప్పులు బయటపడిపోతాయి. ఒకరు తగ్గారు, నువ్వు రా.

పలాస జీడిగింజ:
వస్తాను అన్నా. ఎన్నింటికి?

ఆమదాలవలస ప్యాసింజర్:
సాయంత్రం 4కి. బేగి రా, ఫోన్ ఫుల్ చార్జింగ్ పెట్టుకో. ఈ వారం నీ బిల్లుకి పాత బాకీ కలపడం మీదే కూర్చుందాం.