బీఈడీలో మ్యాథ్స్ తీసుకోవాలా, ఫిజికల్ సైన్స్ తీసుకోవాలా? కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

లెక్కలమ్మాయి
అందరికీ నమస్తే. మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. బీఎస్సీ ఎంపీసీ అయిపోయింది, బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చింది, త్వరలో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టాలి. నాకు లెక్కలంటే ఇష్టం, కానీ డిగ్రీలో ఫిజిక్స్ మార్కులే ఎక్కువ. అదొక తికమక. ఇంకోటి కాలేజీ. మా ఊరికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు కాలేజీ ఉంది, "రోజూ రానక్కర్లేదమ్మా, పరీక్షలకు వస్తే చాలు" అన్నారు. ఇంట్లో ఉండి డీఎస్సీకి చదువుకోవచ్చని మా నాన్నకు అదే నచ్చింది. గవర్నమెంటు కాలేజీలో సీటొస్తే హాస్టల్లో ఉండాలి. చేసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జనగామ సార్
చెల్లీ, ముందు మెథడాలజీ, అంటే బీఈడీలో ఏ సబ్జెక్టు బోధన నేర్చుకోవాలో తేల్చుకో. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి, బీఈడీలో కూడా అదే మెథడాలజీ ఉండాలి. చాలామంది ఒకటి చూసి రెండోది మర్చిపోతారు. నీ ఎంపీసీకి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. కానీ రేపు కేంద్రీయ విద్యాలయం వైపు చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ టీజీటీ (హైస్కూల్ తరగతుల టీచర్) సైన్సుకు బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లను అడుగుతారు. అంటే ఎంపీసీ చదివి ఫిజికల్ సైన్స్ మెథడాలజీ చేసినా ఆ పోస్టుకు పనికిరాదు. టీజీటీ మ్యాథ్స్‌కు మాత్రం నీ కాంబినేషన్ సరిగ్గా సరిపోతుంది. మన గురుకులాల్లో ఫిజికల్ సైన్స్ పోస్టులు వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

మార్కులు చూసి కాదు, ఏ క్లాసులో నిలబడితే నీకు సంతోషమో అది చూసి తీసుకో. నేను రోజుకు ఐదు పీరియడ్లు లెక్కలే చెబుతాను, ఒకే లెక్కను 9వ తరగతి పిల్లలకు నాలుగు రకాలుగా చెప్పాల్సి వస్తుంది. అది ఇష్టం లేకపోతే ముప్పై ఏళ్లు నెట్టుకురావడం కష్టం.

పీఎస్ టీచర్, ఖమ్మం
ఫిజికల్ సైన్స్ తీసుకుంటే 8 నుంచి 10 దాకా ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ నువ్వే చెప్పాలి. కెమిస్ట్రీ అంటే భయం ఉంటే ఇప్పుడే ఆలోచించు. టీచర్ అర్హత పరీక్ష టెట్ సంగతంటావా, పేపర్ 2లో మ్యాథ్స్, సైన్స్ కలిపి 60 మార్కులు, ఏ మెథడాలజీ తీసుకున్నా రెండూ చదవాల్సిందే, అందులో బయాలజీ కూడా ఉంటుంది.

సైన్స్ అక్క
కాలేజీ గురించి నేను చెప్తాను, ఎందుకంటే నువ్వు చెప్పినలాంటి కాలేజీలోనే నేను చదివాను. పేరు వద్దు. రెండేళ్లలో కాలేజీకి వెళ్లిన రోజులు నలభై దాటవు. రికార్డులు డబ్బులిచ్చి రాయించారు, ఇంటర్న్‌షిప్‌కు స్కూల్ హెడ్మాస్టర్ సంతకాలు వాళ్లే పెట్టించుకొచ్చారు. అప్పుడు హాయిగానే అనిపించింది. తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను, మొదటి రోజు 8వ తరగతి, 52 మంది పిల్లలు. కాంతి వక్రీభవనం చెప్పడం మొదలుపెట్టాను, పది నిమిషాలకు పాఠంలో ఉన్నదంతా అయిపోయింది, ఇంకో ముప్పై ఐదు నిమిషాలు ఏం చేయాలో తెలియలేదు. గ్లాసు నీళ్లలో పెన్సిల్ పెట్టి చూపించాలన్న ఆలోచన కూడా రాలేదు, నిజంగా రాలేదు. ఆ రోజు స్టాఫ్ రూంలో కూర్చుని ఏడ్చాను.

బీఈడీలో మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి, మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఆ 16 వారాల్లో ఎవరో ఒకరు వెనక బెంచీలో కూర్చుని మన పాఠం చూసి, "బోర్డు వైపు తిరిగి మాట్లాడకు, ప్రశ్న అడిగాక ఆగు" అని చెప్పాలి. ఉద్యోగంలో చేరాక అలా చెప్పేవాళ్లు దొరకరమ్మా. డీఎస్సీకి ఇంట్లో కూర్చుని చదవడం తర్వాతైనా అవుతుంది.

గోదారి గట్టు
మాది ఆంధ్ర, ఇక్కడివాళ్లు కూడా చదువుతారని రాస్తున్నా. మా ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నల్లో 100 సబ్జెక్టువే, కాబట్టి మెథడాలజీ అప్లికేషన్ నాడే తేల్చుకోవాలి. తెలంగాణలో 2021 నుంచి అందరికీ ఒకటే పేపరు. మా 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725. కానీ ఇంకా కొందరు బీఈడీ చేస్తే ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టు ఎస్జీటీ కూడా రాయొచ్చు అనుకుంటున్నారు. కుదరదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని తీర్పు ఇచ్చింది. చిన్న పిల్లలకు చెప్పాలనుకుంటే డీఎడ్ చేయాలి. మా బావమరిది ఆ తీర్పు తర్వాత మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఇంటర్ నాన్న
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, టీచర్ అవుతానంటున్నాడు. డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు కాకుండా వేరే దారి ఉందా?

జనగామ సార్
ఉందండీ. నాలుగేళ్ల ఐటెప్, డిగ్రీ, బీఈడీ కలిపి. ఎన్‌సెట్ రాయాలి, జాతీయ స్థాయి పరీక్ష, ఎన్‌టీఏ పెడుతుంది. వరంగల్ ఎన్ఐటీలో బీఎస్సీ బీఈడీ ఉంది, హైదరాబాద్‌లో మనూలో (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ) ఉంది. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ కూడా చూడండి, అది ఎన్‌సీఈఆర్‌టీది, బడి దాని ఆవరణలోనే ఉంటుంది. నా బ్యాచ్‌మేట్ అక్కడ చదివాడు, అతని పాఠం చూస్తే తేడా తెలుస్తుంది. కాకపోతే 17 ఏళ్లకే టీచర్ అవ్వాలని గట్టిగా అనిపించాలి. ఒకసారి మీ ఊరి బడిలో ఓ వారం పిల్లలతో కూర్చోబెట్టి చూడండి.

ఇంటర్ నాన్న
చాలా థాంక్స్ సార్. దసరా సెలవులు అవ్వగానే హెడ్మాస్టర్‌ను అడుగుతా.

లెక్కలమ్మాయి
అందరికీ పేరుపేరునా థాంక్స్. మ్యాథ్స్‌కే వెళ్తున్నాను, అది తేలిపోయింది. సైన్స్ అక్కా, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "హాస్టల్ ఎలా ఉంటుందో చూసొద్దాం" అన్నారు. మొదటి ఆప్షన్‌గా హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఈడీ కాలేజీ ఐఏఎస్ఈ పెట్టాలనుకుంటున్నా, తర్వాత నాగార్జునసాగర్ ప్రభుత్వ కాలేజీ. రెండూ వెళ్లి చూస్తాం. అక్కడ ఏం అడగాలి?

సైన్స్ అక్క
ఆఫీసులో కాదు, రెండో ఏడాది పిల్లల్ని అడుగు. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి వెళ్తున్నారు, ఎంత దూరం, పాఠం చూడటానికి లెక్చరర్ వారంలో ఎన్నిసార్లు వస్తున్నారు అని. మ్యాథ్స్ మెథడాలజీకి పర్మినెంట్ లెక్చరర్ ఉన్నారో గెస్టు లెక్చరర్‌తో నడుస్తోందో కూడా కనుక్కో. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాయితాలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో తీసి పెట్టుకో, అడ్మిషన్ల వారం అక్కడ రద్దీగా ఉంటుంది. నాన్నగారికి హాస్టల్ వంటగది కూడా చూపించు, అది చూస్తే సగం దిగులు పోతుంది.

లెక్కలమ్మాయి
సరే అక్కా. సోమవారం పొద్దున బస్సుకు వెళ్తున్నాం. వచ్చాక ఇక్కడే రాస్తాను.