‘అసంకేతక’లో ఆ ‘అ’ ఏ అర్థంలో?

(నలుగురి సంభాషణ; ప్రతి మాటకు ముందున్నది మాట్లాడేవారి ఊరి పేరు.)

పర్లాకిమిడి: నఞర్థాల శ్లోకం, అంటే ‘కాదు, లేదు’ అని చెప్పే ‘అ’కి ఉన్న ఆరు అర్థాల శ్లోకం, ఒకటి సగమే గుర్తుంది. ‘తత్సాదృశ్యం తదభావశ్చ తదన్యత్వం...’ ఆ తర్వాతి మాట ఏమిటి? ప్రోటీన్ తయారీకి సంకేతం ఇవ్వదనుకునే పొడవాటి ఆర్ఎన్ఏని, లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏని, ‘దీర్ఘ అసంకేతక ఆర్ఎన్ఏ’ అంటున్నాం కదా, ఆ ‘అ’ ఆరింటిలో ఏదో తేల్చుకోవాలి.

గుణుపురం: ముందు పాదం సరిచేసుకోండి మాస్టారూ. మీరు రాసింది తొమ్మిది అక్షరాలు, అనుష్టుప్పు ఒప్పుకోదు. ‘తత్సాదృశ్యమభావశ్చ’. మీకు జారిపోయిన మాట ‘తదల్పతా’, అంటే అది కొంచెమే ఉండటం. జవాబు కూడా అదే. ‘అనుదరా కన్య’ అంటే కడుపు లేని పిల్ల కాదు, సన్నని నడుము పిల్ల. ప్రోటీన్‌గా చదవగల చట్రాల్లో 100 అమైనో ఆమ్లాలకు తగ్గినవాటిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల చాలా ఆర్ఎన్ఏలకు ఆ పేరు పడింది. అలా పక్కన పెట్టిన ఒకదాని నుంచే 2015లో మయోరెగ్యులిన్ అనే బుల్లి ప్రోటీన్ బయటపడింది, 46 అమైనో ఆమ్లాలది. సంకేతం లేదని కాదు, కొంచెమే.

రాయగడ: ఒక్క మయోరెగ్యులిన్‌తో సూత్రం కట్టకండి. ఎక్సిస్ట్ అనే ఆర్ఎన్ఏ దాదాపు 17 వేల న్యూక్లియోటైడ్ల పొడవు, ఒక్క ప్రోటీనూ ఇవ్వదు. అక్కడ ‘అ’ శుద్ధ అభావమే. దాని పనంతా ప్రోటీన్లను పట్టుకోవడం. దాని మొదట్లో ఉన్న ఎ-రిపీట్ అనే భాగాన్ని స్పెన్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది, హెచ్‌డాక్3 అనే ఎంజైమును పనిలోకి దించుతుంది, డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ గుర్తులు పోతాయి, ఎక్స్ క్రోమోజోము మూగబోతుంది. హెచ్ఎన్ఆర్ఎన్‌పీ-యు అనే ఇంకో ప్రోటీన్ ఆ ఆర్ఎన్ఏను క్రోమోజోముకే కట్టి ఉంచుతుంది.

బరంపురం: ‘అ’ సంగతి వదిలేసి మన ద్రుతం, అంటే మాట చివరి నకారం, చూడండి. ‘ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు.’ ఆ నకారానికి సొంత అర్థం లేదు, పక్కనున్న కకారాన్ని మాత్రం గకారం చేస్తుంది. పూచెను, కలువలు కలిస్తే పూచెఁ గలువలు. పోతన పద్యాలను అరసున్నలు లేకుండా అచ్చేసినా గజడదబలు నిలిచే ఉంటాయి. తాను పోయినా చేసిన మార్పు ఉంటుంది. ఎక్సిస్ట్ తీరూ అదే. ఎలుక మూలకణాలు మారడం మొదలైన తొలి రెండు రోజుల్లో దాన్ని ఆపితే జన్యువులు మళ్లీ పలుకుతాయి, మూడు రోజులు దాటాక ఆపినా పలకవు. ‘ద్రుత ఆర్ఎన్ఏ’ అందాం.

గుణుపురం: బావుంది. తర్వాతి సూత్రాన్నీ తెచ్చుకోండి, ‘బిందు సంశ్లేషములు విభాషనగు’: ద్రుతం సున్న కావడం, పక్క హల్లుతో కలవడం వికల్పమని. ప్రోటీన్‌తో కలయికకు ‘సంశ్లేషం’ కన్నా మంచి మాట లేదు. నోరాడ్ అనే ఆర్ఎన్ఏకి పుమిలియో ప్రోటీన్లతో సంశ్లేషం, నీట్1 అనే ఆర్ఎన్ఏకి నోనో ప్రోటీన్‌తో సంశ్లేషం.

రాయగడ: సంశ్లేషం అంటే నేరుగా తగలాలి. హాటెయిర్ అనే ఆర్ఎన్ఏ, పీఆర్‌సీ2 అనే ప్రోటీన్ల కూటమి, ఈ జోడీ దగ్గర చిక్కు ఇదే. బంధం వేయకుండా కణాన్ని చితక్కొట్టి యాంటీబాడీతో లాగితే, బతికున్నప్పుడు ఎన్నడూ కలవని ఆర్ఎన్ఏ, ప్రోటీన్ ఆ ద్రావణంలోనే అతుక్కుంటాయి. ముందు బతికున్న కణాల మీద 254 నానోమీటర్ల యూవీ వేయాలి, తగిలిన చోటే బంధం పడుతుంది. ఆ తర్వాత ప్రోటీన్ మడతలు విప్పేసేంత గట్టిగా కడగాలి. ఫార్మాల్డిహైడ్ వాడితే మధ్యవర్తి ద్వారా చేరినవీ వచ్చేస్తాయి. 2024లో మనిషి, ఎలుక కణాలు కలిపి, ఒక జాతి ప్రోటీన్‌కే గుర్తు కట్టి చూశారు. మామూలుగా కడిగితే రెండో జాతి ఆర్ఎన్ఏ కూడా పీఆర్‌సీ2తో వచ్చింది, గట్టిగా కడిగితే పోయింది.

బరంపురం: యూవీ బంధం తగిలిన ప్రతిచోటా పడదు, ఆర్ఎన్ఏ జంటపేటలుగా ఉన్న చోట మరీ తక్కువ. దొరకలేదంటే తగల్లేదని అర్థం కాదు. విభాష అన్నది అందుకే.

రాయగడ: విభాష అంటే రెండు రూపాలూ సాధువులని. పరికరానికి అందకపోవడం విభాష కాదు.

పర్లాకిమిడి: నా ‘అ’ ఏమైంది? ఒడియా మీడియం పిల్లల నోట అది ‘ఒ’ అవుతోంది, ‘ఒసంకేతక’ అంటున్నారు. గిడుగువారు తిరిగిన ఊరు మాది, వాడుకకే ఓటు వేస్తాను. ‘సంకేతం లేని’ అంటే సరిపోదా?

గుణుపురం: సరిపోదు. ‘లేని’ అనగానే అభావం స్థిరపడిపోతుంది, తదల్పతకు చోటుండదు.

బరంపురం: ‘తత్సాదృశ్యం తదన్యత్వం తదల్పత్వం విరోధితా’ అని ఇంకో పాఠం ఉంది. అక్షరాలు అందులోనూ సరిపోతాయి. గుణుపురం వారి ‘తదల్పతా’ ఏ ప్రతిలోది?