ఇరాన్‌లో యాభై అరవై మంది ఉన్న పల్లెకు పాలన ఎవరి చేతిలో ఉంటుంది?

పటాలప్రియ అడిగిన ప్రశ్న:
ఇరాన్ పల్లెల పరిచయాలు చదువుతున్నాను. ఫలానా దెహెస్తాన్, ఫలానా బఖ్ష్, ఫలానా షహ్రెస్తాన్ అని వరుసగా చెప్పి, 2006 జనాభా లెక్కల ప్రకారం ఇన్ని కుటుంబాలు, ఇంతమంది మనుషులు అని ముగిస్తున్నారు. కొన్ని ఊళ్లకు పేరు మాత్రమే ఉంది, జనసంఖ్య లేదు. పదిహేను ఇరవై ఇళ్ల ఊరికి కూడా ఇన్ని అంచెల పాలన నిజంగా ఉంటుందా? జనసంఖ్య ఎందుకు ఇవ్వరు?

భూగోళం:
అంచెలు నిజమే కాని, అవన్నీ ఊళ్లో ఉండవు. దేశంలో 31 ఒస్తాన్‌లు, అంటే రాష్ట్రాల వంటివి, ఉన్నాయి. ఒక్కొక్కటి షహ్రెస్తాన్‌లుగా, అవి బఖ్ష్‌లుగా, బఖ్ష్‌లు మళ్లీ కొన్నేసి పల్లెలు కలిసిన దెహెస్తాన్‌లుగా విడిపోతాయి. ఒస్తాన్‌కు అధిపతి ఒస్తాందార్, షహ్రెస్తాన్‌కు ఫర్మాందార్, బఖ్ష్‌కు బఖ్ష్‌దార్. వీరందరూ హోంశాఖ కింద పనిచేసే నియమిత అధికారులే. ప్రజలు ఎన్నుకునేది ఊళ్లోని షురాను, అంటే గ్రామ మండలిని. ఆ షురా నాలుగేళ్లకు ఒక దెహ్యార్‌ను ఎంచుకుంటే, నియామకపు ఉత్తర్వు బఖ్ష్‌దార్ ఇస్తాడు. వీధులు, చెత్త, శ్మశానం, ఇళ్ల కట్టడాల అనుమతులు దెహ్యార్ చూసుకునే పనులు. అతణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకోరు కనుక మన సర్పంచ్‌తో పోల్చడం సరికాదు. మండలి పెట్టుకున్న కార్యనిర్వాహకుడు అనాలి.

పాతకాగితం:
భూగోళం గారు చెప్పిన ఏర్పాటు చాలా కొత్తది. 1960ల భూసంస్కరణలకు ముందు పల్లెపై పెత్తనం అర్బాబ్ అనే భూస్వామిది, అతని తరఫున వ్యవహారం నడిపేది కద్ఖుదా. భూస్వామి బలం తగ్గిన తరువాత ఆ చోటును పూర్తిగా నింపే స్థానిక సంస్థ ఏదీ చాలాకాలం నిలదొక్కుకోలేదు. 1979 రాజ్యాంగంలోనే మండళ్ల ప్రస్తావన ఉన్నా, దేశవ్యాప్తంగా వాటికి మొదటి ఎన్నికలు జరిగింది 1999లో. దెహ్యారీల, అంటే దెహ్యార్ కార్యాలయాల, చట్టం వచ్చింది అంతకు ముందటి ఏడాదే. కాగితం మీది హక్కు ఊళ్లోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట.

జనగణన:
రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను. లెక్కల్లోని ‘అబాదీ’ (అంటే జనావాసం), చట్టంలోని ‘గ్రామం’ ఒకటి కావు. 1983 నాటి విభజన చట్టం ప్రకారం గ్రామం అనిపించుకోవాలంటే కనీసం ఇరవై కుటుంబాలో, వంద మందో ఉండాలి. జనగణనకు ఆ పట్టింపు లేదు. విడిగా ఉన్న పొలం, బావి దగ్గరి గుడిసెలు, జనం వెళ్లిపోయిన పాత ఊరు కూడా పేరుతో జాబితాకెక్కుతాయి. మూడు కుటుంబాలకు మించని చోట అంకె ప్రకటిస్తే ఎవరి ఇంటి వివరమో తెలిసిపోతుంది కనుక దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ కనిపించిన చోటల్లా ఊరు పాడుబడిందని అనుకోవద్దు.

అంకెలను చదవడంలో మరో జాగ్రత్త అవసరం. 2006, 2011, 2016 లెక్కలు మూడూ శరత్కాలంలో తీసినవి, మామూలుగా నివసించే వారినే లెక్కించినవి. ఇస్ఫహాన్ ఒస్తాన్‌లోని అబ్యానెహ్ వంటి ఊరి నుంచి యువకులు నగరాలకు పోయి, సెలవులకు, మొహర్రంకు వస్తారు. అంకెల్లో మిగిలేవారు ఎక్కువగా వృద్ధులే. దేశం మొత్తంలో 1956లో మూడింట ఒక వంతుకు తక్కువగా ఉన్న పట్టణవాసులు, 2016 నాటికి సుమారు నాలుగింట మూడు వంతులయ్యారు. ఆ మార్పు జరిగింది ఇలాంటి పల్లెలు ఖాళీ కావడం వల్ల కూడా.

పటాలప్రియ:
అందరికీ కృతజ్ఞతలు. అయితే ఇరవై కుటుంబాలు లేని ఊరివారు దేనికైనా ఎవరి దగ్గరికి వెళ్తారు?

భూగోళం:
చాలావరకు పక్కనున్న పెద్ద ఊరికో, బఖ్ష్ కేంద్రానికో వెళ్తారు. వైద్యం విషయంలో మాత్రం మెరుగైన ఏర్పాటు ఉంది: ఒక ఊళ్లో ఆరోగ్య గృహం పెట్టి, చుట్టుపక్కల చిన్న పల్లెలను దానికి అనుబంధంగా చేర్చారు. అక్కడ పనిచేసే బెహ్వర్జ్, అంటే ఆరోగ్య కార్యకర్త, సాధారణంగా ఆ ప్రాంతపు మనిషే. ఇంటింటి జనన మరణాల వివరాలు ఆ మనిషి దగ్గరి పుస్తకంలోనే ఉంటాయి. చిన్న పల్లెకు రాజధాని ప్రకటించే అంకె కన్నా ఆ పుస్తకంలోని లెక్కే తాజాగా ఉంటుందని నా అభిప్రాయం.