వీపీఎన్ తీశాక వైఫై పనిచెయ్యట్లేదు: విండోస్ రీసెట్ కొట్టాలా, కారణం వెతకాలా?

వానకోయిల
శనివారం సాయంత్రం నుంచి లాప్‌టాప్‌లో నెట్ లేదు, ఇది ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. విండోస్ 11. వైఫై పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, కనెక్ట్ అయిందని కూడా అంటుంది. కింద మాత్రం ‘నో ఇంటర్నెట్’. అదే వైఫై మీద ఫోన్ హాయిగా నడుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం పాత వీపీఎన్ (మన అసలు అడ్రస్ కనిపించకుండా నెట్ వాడుకునే సాఫ్ట్‌వేర్) ఒకటి తీసేసి కొత్తది వేశాను, అది నచ్చక దాన్నీ తీసేశాను. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ కొట్టి చూశాను. మెషిన్ రీస్టార్ట్ అయింది, దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోయాయి, నెట్ రాలేదు. ఫ్రెండ్స్ అందరూ విండోస్ మొత్తం రీసెట్ చేసెయ్ అంటున్నారు. మా అక్క మాత్రం కారణం తెలుసుకోకుండా ముట్టుకోవద్దంటోంది. గురువారానికి ప్రాజెక్ట్ రిపోర్ట్ పంపాలి. ఎవరి మాట వినను?

సర్వీస్‌బెంచి
వానకోయిల గారూ, నేను మెషిన్లు బాగుచేసే పనిలో ఉన్నాను, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. రీసెట్ చేసెయ్యండి. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయి, సాఫ్ట్‌వేర్లు పోతాయి. ముందుగా ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. రెండు వీపీఎన్‌లు వేసి తీసిన మెషిన్‌లో ఎక్కడ ఏ ముక్క మిగిలిందో వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. దొరికిందనుకున్నది అసలు కారణం కాకపోవచ్చు కూడా. మీకు గురువారం గడువుంది.

పాతడ్రైవర్
సర్వీస్‌బెంచి అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తిస్తున్నారు. ఆవిడ చెప్పినదాంట్లోనే సగం జవాబుంది: వీపీఎన్ తీసిన సాయంత్రమే నెట్ పోయింది. డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) పాడైతే ఇంత ముహూర్తం చూసుకుని పాడవదు.

వానకోయిల గారూ, పది నిమిషాల పని, మూడు చూడండి. ఒకటి, ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా లాప్‌టాప్‌కు ఇచ్చే ఏర్పాటు) ఆన్ చెయ్యండి. దాని మీద కూడా నెట్ రాకపోతే మీ వైఫై కార్డు, దాని డ్రైవర్ రెండూ నిర్దోషులు. రెండు, టెథరింగ్ తీసేసి మళ్లీ వైఫై మీద కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో కొట్టండి, మెషిన్‌కు వచ్చిన నెట్‌వర్క్ అడ్రస్ చూపిస్తుంది. 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటే రూటర్ నుంచి అడ్రసే రావట్లేదని అర్థం. మూడు, ముందు రూటర్‌కు, తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ చేసి (చిన్న పలకరింపు పంపి జవాబు వస్తుందో లేదో చూడడం) స్క్రీన్ మీద ఏం పడిందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయండి.

వానకోయిల
చేశాను. టెథరింగ్ మీదా అదే ‘నో ఇంటర్నెట్’. వైఫై మీద అడ్రస్ 192.168తో సరిగ్గానే వచ్చింది. రూటర్‌కు పింగ్ చేస్తే జవాబు వస్తోంది. 8.8.8.8కు చేస్తే నాలుగు లైన్లూ ఒకటే: ‘ట్రాన్స్‌మిట్ ఫెయిల్డ్. జనరల్ ఫెయిల్యూర్’.

పాతడ్రైవర్
నేను చూడాలనుకున్నది ఆ ఒక్క లైనే. బయట ఎక్కడో లైన్ తెగితే సాధారణంగా ‘రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్’ అని వస్తుంది. అంటే ఉత్తరం వెళ్లింది, జవాబు రాలేదు. ‘జనరల్ ఫెయిల్యూర్’ అంటే ఉత్తరం మీ ఇంటి గడపే దాటలేదు. మీ మెషిన్‌లోనే ఎవరో తలుపు మూసి కూర్చున్నారు. రూటర్ వరకు పోనిచ్చి బయటికి మాత్రం ఆపుతున్నారంటే, నా అనుమానమంతా వీపీఎన్ ‘కిల్ స్విచ్’ మీదే. వీపీఎన్ తెగిపోతే మీ అసలు అడ్రస్ బయటపడకుండా మొత్తం ట్రాఫిక్‌ను ఆపేసే ఏర్పాటు అది. తీసేసేటప్పుడు అది ఆన్‌లో ఉందా?

దీని వెనక ఉన్నది విండోస్ ఫిల్టరింగ్ ప్లాట్‌ఫామ్, విస్టా కాలం నుంచి ఉంది. ఫైర్‌వాల్, యాంటీవైరస్, వీపీఎన్ అన్నీ అందులో తమ తమ నియమాలు రాసుకుంటాయి. కొన్ని నియమాలు రీస్టార్ట్ చేసినా చెరగవు, అలా ఉండేట్టే రాస్తారు. అన్‌ఇన్‌స్టాలర్ వాటిని తుడవకుండా వెళ్లిపోతే, యజమాని ఇల్లు ఖాళీ చేసినా తాళం అలాగే ఉండిపోతుంది. మీ నెట్‌వర్క్ రీసెట్ పనిచెయ్యకపోవడానికీ ఇదే కారణమని నేననుకుంటున్నాను. అది అడాప్టర్లను (వైఫై కార్డులాంటివాటిని) తీసి మళ్లీ పెడుతుంది. ఈ తాళం అడాప్టర్‌కు వేసింది కాదు.

పెంగ్విన్‌నేస్తం
లినక్స్‌లోనూ ఇదే గొడవ. డెబియన్ అనే లినక్స్‌లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో వైఫై కార్డు పేరు రాసి ఉంటే, కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ ప్రోగ్రామ్ దాన్ని ముట్టుకోదు, ‘అన్‌మేనేజ్డ్’ అని వదిలేస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. ఆ ఒక్క పేరు తీసేసి రీస్టార్ట్ చేస్తే సరిపోయేదానికి మొత్తం సిస్టమ్ మళ్లీ ఎక్కించుకున్నవాళ్లను చూశాను. నా ఓటు అక్కకే.

సర్వీస్‌బెంచి
పాతడ్రైవర్ గారూ, మీ తర్కం బాగుంది, ఈ కేసులో మీరే కరెక్ట్ కావచ్చు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పింగ్ అంటే ఏంటో తెలియనివాళ్లు. ఎప్పుడు ఏం ఇన్‌స్టాల్ చేశారో కూడా గుర్తుండదు. అలాంటివాళ్లకు మధ్యలో రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగులుండే చోటు) తెరవమని చెబితే ఉన్నదీ పోగొట్టుకుంటారు. రీసెట్‌తో మెషిన్ తెలిసిన స్థితికి వస్తుంది, నేను దానికి పూచీ ఇవ్వగలను. సగం సగం శుభ్రం చేసినదానికి ఇవ్వలేను.

పాతడ్రైవర్
రిజిస్ట్రీ జోలికి వెళ్లొద్దనే నేనూ చెబుతాను. కానీ ‘తెలిసిన స్థితి’ అనే మాట దగ్గరే నా అభ్యంతరం. 2023 డిసెంబర్ సంగతి గుర్తుందా? విండోస్ 11కు వచ్చిన నెలవారీ అప్‌డేట్ కేబీ5033375 తర్వాత కొన్ని మెషిన్లలో వైఫై పోయింది, యూనివర్సిటీల్లాంటి పెద్ద నెట్‌వర్కుల్లో ఎక్కువగా. మైక్రోసాఫ్టే ఒప్పుకుని, తన వైపు నుంచే ఆ మార్పును వెనక్కి తీసుకుంది. అప్పుడు రీసెట్ చేసుకున్నవాళ్లకు అదే అప్‌డేట్ మళ్లీ ఎక్కితే ఏమైనట్టు? కారణం తెలిసినవాళ్లు ఆ ఒక్క అప్‌డేట్ తీసేసి పని చేసుకున్నారు.

అంతకుముందు 2015. జూలై 29న విండోస్ 10 వచ్చింది. దానికి మారిన కొందరికి వైఫై నెట్‌వర్కులే కనిపించలేదు. పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు వదిలిన డీఎన్ఈ అనే ఫిల్టర్ కారణమని తేలింది, దాన్ని తీసెయ్యడానికి మైక్రోసాఫ్ట్ రెండు కమాండ్లు ఇచ్చింది. రెండంటే రెండే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవాల్సిన పని లేదన్నా.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. రీసెట్‌తో ఆధారాలూ తుడిచిపెట్టుకుపోతాయి. నెల తర్వాత అదే వీపీఎన్ మళ్లీ వేసుకుంటారు, మళ్లీ ఇదే కథ. అప్పుడూ తప్పు లాప్‌టాప్‌దే అనుకుంటారు.

వానకోయిల గారూ, ఇప్పుడు చెయ్యాల్సింది: కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూఎఫ్‌పీ షో ఫిల్టర్స్’ అని ఇంగ్లీషులో కొట్టండి. ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ తయారవుతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీరు తీసేసిన వీపీఎన్‌ల పేర్లు వెతకండి. దొరికితే చేత్తో ఏదీ చెరపొద్దు. అదే వీపీఎన్ ఇన్‌స్టాలర్‌ను ఫోన్‌లో దించి, కేబుల్‌తో లాప్‌టాప్‌లోకి కాపీ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి. తెరిచి కిల్ స్విచ్ ఆఫ్ చెయ్యండి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్.

వానకోయిల
ఫైల్ చాలా పెద్దది, మొదట కళ్లు తిరిగాయి. మొదటి వీపీఎన్ పేరు ఎక్కడా లేదు. రెండోదాని పేరు పదకొండు చోట్ల ఉంది! ప్రతిదాని కిందా ‘బ్లాక్’ అనో ‘పర్మిట్’ అనో ఉంది. మీరు చెప్పినట్టే మళ్లీ వేసి తెరిచాను. కిల్ స్విచ్ ఆన్‌లోనే ఉంది, పాత సెట్టింగులన్నీ అలాగే ఉన్నాయి. ఆ బటన్ ఆఫ్ చేసిన మరుక్షణం వాట్సాప్ మెసేజ్‌లు వరుసగా మోగడం మొదలైంది. నాకు నిజంగా కళ్లలో నీళ్లొచ్చాయి. పాతడ్రైవర్ గారూ, మీ మేలు మర్చిపోలేను. అక్కకు కూడా ఫోన్ చేసి చెప్పాను.

సర్వీస్‌బెంచి
సంతోషం అమ్మా. పాతడ్రైవర్ గారూ, ఆ ‘జనరల్ ఫెయిల్యూర్’ తేడా నేనింతవరకు పట్టించుకోలేదు, రేపటి నుంచి ప్రతి మెషిన్ మీదా మొదట అదే చూస్తాను. గడువు నెత్తి మీదున్నవాళ్లకు, ఏం చేశారో గుర్తులేనివాళ్లకు రీసెట్ మంచిదన్న నా మాట మాత్రం మార్చుకోను.

పాతడ్రైవర్
టెథరింగ్, పింగ్ రెండూ చూశాక కూడా ఏమీ తేలకపోతే నేనే రీసెట్ చెయ్యమంటాను అన్నా. ఆ పది నిమిషాలు ఇవ్వకుండా మొదలుపెట్టొద్దన్నదే నా గొడవ.

వానకోయిల
రిపోర్ట్ ఇప్పుడే పంపాను. కిల్ స్విచ్ ఆఫ్ చేశాకే వీపీఎన్ తీసేశాను, రీస్టార్ట్ చేసి ఆ ఫిల్టర్స్ ఫైల్ మళ్లీ తీయించాను. ఈసారి ఆ పేరు ఒక్కచోట కూడా లేదు.