సింగపూర్ ఆర్బిట్రేషన్‌లో అవార్డు మాకే వచ్చింది, డబ్బు మాత్రం రావట్లేదు, ఏ కోర్టుకి వెళ్ళాలి?

పర్లాకిమిడి_జీడి:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి దగ్గర చిన్న జీడి ఫ్యాక్టరీ, నేనూ మా బావా భాగస్తులం. బెనిన్ జీడిపిక్కలు ఒక సింగపూర్ ట్రేడింగ్ కంపెనీ దగ్గర కొన్నాం, కాంట్రాక్ట్‌లో ఔట్ టర్న్ 47 పౌండ్లు అని రాసుంది, అంటే 80 కిలోల బస్తా పిక్కలు కొడితే అంత పప్పు రావాలన్నమాట. విశాఖలో కంటైనర్లు తెరిచి కటింగ్ టెస్ట్ చేయిస్తే సగానికి కోసిన పిక్కల్లో చాలావాటికి లోపల నల్ల మచ్చ, మిగతావి ముడుచుకుపోయిన పప్పు, వేలితో నొక్కితే తడి తెలుస్తోంది, 41 కూడా దాటలేదు. డబ్బు అప్పటికే ఎల్సీ మీద, అంటే కాగితాలు చూపితే బ్యాంకే కట్టేసే లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద, వెళ్ళిపోయింది. తగ్గించి ఇమ్మంటే ఒప్పుకోలేదు, తగాదా వస్తే సింగపూర్ ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలి అని కాంట్రాక్ట్‌లో ఉంది కాబట్టి అక్కడే వేశాం, హియరింగులు ఆన్‌లైన్‌లో జరిగాయి, చివర్లో వాళ్ళు రావడం మానేశారు, అవార్డు, అంటే ఆ మధ్యవర్తి తీర్పు, వడ్డీ ఖర్చులతో సహా మాకే వచ్చింది. ఇప్పుడు మెయిల్ పెడితే జవాబు లేదు. ఇక్కడ ఒక లాయరు గారేమో అవార్డు పట్టుకుని మళ్ళీ దావా వెయ్యాలి అంటున్నారు, ఇంకొకాయన కటక్‌లో ఉన్న మా ఒడిశా హైకోర్టు అంటున్నారు. ఏటి చెయ్యాలో ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి, సీజన్ పిక్కలకి పెట్టుబడి మొత్తం అందులో ఇరుక్కుంది, పనివాళ్ళకి కూలి ఇవ్వడానికి బయట వడ్డీకి తెస్తున్నాం.

రాయగడ_గ్రానైట్:
తమ్ముడూ, నా మాట విని సగానికైనా సెటిల్ చేసుకో. విదేశీ అవార్డులు ఇక్కడ ఏళ్ళ తరబడి నడుస్తాయి. సహకార మార్కెటింగ్ సంస్థ నాఫెడ్ కేసు చూడు, 1980లో వేరుశనగ ఎగుమతి కాంట్రాక్టు, లండన్‌లో అవార్డు, చివరికి 2020లో సుప్రీంకోర్టు అమలు చెయ్యం అని కొట్టేసింది. నలభై ఏళ్ళు.

బరంపురం_వకీల్:
రాయగడ అన్నా, ఆ కేసు నిజమే కానీ దాన్ని చూపించి ఈయన్ని భయపెట్టొద్దు. అక్కడ సరుకు పంపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, అది రాలేదు, ఆ కారణంగా పబ్లిక్ పాలసీకి, అంటే దేశం మూల చట్ట విధానానికి, విరుద్ధం అన్నారు, ఆ తీర్పు మీద విమర్శ కూడా చాలా వచ్చింది. అదే 2020లో విజయ్ కారియా కేసులో అదే సుప్రీంకోర్టు, విదేశీ అవార్డు విషయంలో కోర్టులు మెరిట్స్‌లోకి, అంటే ఎవరిది తప్పు అన్న అసలు తగాదాలోకి, వెళ్ళకూడదు అని గట్టిగా చెప్పింది. మీ గొడవకి దగ్గరగా ఉన్నది అసలు 2013 నాటి శ్రీ లాల్ మహల్ కేసు, గోధుమల క్వాలిటీ సర్టిఫికెట్ మీద తగాదా, ఇటలీ పార్టీకి లండన్‌లో అవార్డు వస్తే ఇక్కడ ఢిల్లీ కంపెనీ ఆ సర్టిఫికెట్ కథంతా మళ్ళీ మొదటినుంచి విప్పబోయింది, అది ఇక్కడ చూడం అని అమలు చేయించారు. కాబట్టి మీ 47, 41 లెక్క మళ్ళీ ఇక్కడ తేల్చక్కర్లేదు.

జీడి గారూ, మళ్ళీ దావా అక్కర్లేదు, అది తప్పు సలహా. ఒక దేశంలో వచ్చిన అవార్డుని ఇంకో దేశంలో అమలు చేసే 1958 న్యూయార్క్ కన్వెన్షన్‌లో ఇండియా, సింగపూర్ రెండూ ఉన్నాయి, పైగా మన ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన దేశాల్లో సింగపూర్ ఉంది, ఇది ముఖ్యం, కన్వెన్షన్‌లో ఉన్నంత మాత్రాన ఒక దేశం అవార్డు ఇక్కడ చెల్లదు, ఆ దేశం నోటిఫై అయి ఉండాలి. చూసేది అవార్డు ఎక్కడ ఇచ్చారన్నదే, పిక్కలు బెనిన్‌వి అయినా పర్లేదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 47 కింద అవార్డు ఒరిజినల్ లేదా అథెంటికేట్ చేసిన కాపీ, కాంట్రాక్ట్ ఒరిజినల్ లేదా సర్టిఫైడ్ కాపీ పెట్టి నేరుగా హైకోర్టులో పిటిషన్ వెయ్యాలి, అమలు, వసూలు రెండూ ఒకే పిటిషన్‌లో అడగొచ్చు. జిల్లా కోర్టు కాదు. వాళ్ళు అడ్డుపడాలంటే సెక్షన్ 48లో ఉన్న కారణాలే చెప్పాలి. చివర్లో రాలేదు అన్నారు కదా, రేపు మాకు నోటీసు అందలేదు అనే మొదలుపెడతారు, అందుకని ప్రతి హియరింగ్‌కి వెళ్ళిన మెయిలు, కొరియర్ రసీదు ఒక్కటి కూడా పారెయ్యకండి.

కానీ అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న, ఆ కంపెనీకి ఒడిశాలో ఏమైనా ఉందా? ఆస్తి, బ్యాంకు ఖాతా, రావాల్సిన బాకీ, ఏదైనా?

పర్లాకిమిడి_జీడి:
ఒడిశాలో ఏమీ లేదండీ. వాళ్ళు విశాఖలో ఒక పార్టీకి పిక్కలు అమ్ముతుంటారు, ఆ పార్టీ మాకు బాగా తెలిసినాయనే, ఈ సీజన్ సరుకు అరువు మీద తీసుకున్నాడు, డబ్బు ఇంకా కట్టాలంట.

బరంపురం_వకీల్:
అయితే మీ కేసు కటక్‌లో కాదు, అమరావతిలో ఉన్న ఏపీ హైకోర్టులో. ఈ వ్యవహారంలో మనం ఎక్కడున్నాం, సరుకు ఎక్కడ దిగింది అనేది కాదు చూడాల్సింది, బాకీదారు డబ్బు ఎక్కడుంది అన్నదే. బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ వాళ్ళు ఏం చేశారో గుర్తుందా, పాత తేదీల నుంచి వేసిన పన్ను తగాదాలో మన ప్రభుత్వం మీద 2020 డిసెంబర్‌లో హేగ్ ట్రిబ్యునల్ అవార్డు వస్తే, ఢిల్లీలో కూర్చోకుండా న్యూయార్క్‌లో ఎయిర్ ఇండియా మీద కేసు వేశారు, పారిస్‌లో మన ప్రభుత్వ ఆస్తుల మీద ఆర్డర్ తెచ్చారు, 2021 ఆగస్టులో ఇక్కడ పాత తేదీల పన్ను చట్టమే మార్చేశారు. అది రెండు దేశాల మధ్య పెట్టుబడి ఒప్పందం కింద ప్రభుత్వం మీద వ్యవహారం, మీది మామూలు వ్యాపార బాకీ, చట్టం వేరు, కానీ ఆస్తి వెతుక్కుంటూ వెళ్ళే పద్ధతి ఒకటే.

విశాఖ పార్టీ సింగపూర్ వాళ్ళకి కట్టాల్సిన బాకీని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 21 రూల్ 46ఏ కింద గార్నిషీ ఆర్డర్‌తో కోర్టుకి కట్టించొచ్చు. వాళ్ళ ఆస్తుల వివరాలు అఫిడవిట్ వెయ్యమని కూడా అడగండి. అరువు సరుకు కావడం మీకు కలిసొచ్చింది, ఎల్సీ అయితే ఆపడం చాలా కష్టం, మోసం రుజువైతే తప్ప కోర్టులు ఎల్సీ జోలికి పోవు. పోర్టులో కంటైనర్లు పట్టుకుందాం అనుకోకండి, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు మీద హక్కు చూపే కాగితం) చేతులు మారితే ఆ సరుకు వాళ్ళది కాదు, మీరే ఎదురు కేసులో ఇరుక్కుంటారు. ఇంకోటి, ఆ డబ్బు కదిలిపోకుండా మధ్యంతర ఆర్డర్ పిటిషన్‌తో పాటే అడగాలి, ఇవాళ నోటీసు వెళ్తే రేపు బాకీ ఇంకో పేరు మీదకి మారిపోతుంది. గడువు 3 ఏళ్ళు, 2020 వేదాంత కేసులో తేల్చారు, కానీ అరువు గడువు తీరి ఆయన కట్టేస్తే మీకు మిగిలేది ఏమీ ఉండదు కాబట్టి ఈ వారమే కదలండి.

జయపురం_టు_సింగపూర్:
మాది కొరాపుట్ జిల్లా జయపురం, ఇక్కడ సింగపూర్‌లో ట్రేడ్ ఫైనాన్స్‌లో పనిచేస్తున్నా. అన్నయ్యా, ఇటువైపు కూడా ఒకేసారి నొక్కండి. అవార్డుని ఇక్కడి హైకోర్టు పర్మిషన్‌తో కోర్టు తీర్పులాగే అమలు చేయించొచ్చు. అవార్డు కొట్టెయ్యమని వాళ్ళు వెళ్ళాలంటే అందిన దగ్గర్నించి 3 నెలలే టైము, అది దాటిందా చూసుకోండి. ట్రేడింగ్ కంపెనీలకి ఇక్కడ అద్దె ఆఫీసు, రెండు కంప్యూటర్లు తప్ప ఏమీ ఉండకపోవచ్చు కానీ బ్యాంకు లైన్లు, అంటే బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితులు, ఉంటాయి, అవి పోతే వ్యాపారం ఆగిపోతుంది. 15,000 సింగపూర్ డాలర్లు దాటిన బాకీకి స్టాట్యుటరీ డిమాండ్ (చట్టప్రకారం కట్టమనే నోటీసు) పంపితే, 3 వారాల్లో కట్టకపోతే అప్పు తీర్చలేని కంపెనీ కింద లెక్క, మూసెయ్యమని కోర్టుకి వెళ్ళొచ్చు. నిజంగా వ్యాపారం నడుస్తున్న కంపెనీ ఆ కాగితం వచ్చాక మెయిల్‌కి జవాబివ్వకుండా ఉండటం కష్టం.

రాయగడ_గ్రానైట్:
ఇది మంచి మాట. సెటిల్ చేసుకోమన్నాను కదా, ఈ రెండూ వేశాక మాట్లాడితే వచ్చే అంకె వేరేగా ఉంటుంది. ఒట్టి చేతులతో మాత్రం కూర్చోకు తమ్ముడూ.

పర్లాకిమిడి_జీడి:
అందరికీ చాలా థాంక్స్. ఒక్కటే బెంగ, విశాఖ ఆయన్ని కోర్టుకి ఈడిస్తే మా మీద కోపం పెట్టుకుంటాడేమో, రేపు మా పప్పు కొనేది కూడా ఆయనే.

బరంపురం_వకీల్:
ఆయనకి నష్టం ఏమీ లేదని ముందే నచ్చజెప్పండి. గార్నిషీ ఆర్డర్ ప్రకారం కోర్టుకి కట్టిన మేరకు సింగపూర్ వాళ్ళకి ఆయన బాకీ తీరినట్టే, అది రూల్ 46ఎఫ్‌లో ఉంది, ఆ రూల్ ప్రింట్ తీసి చేతికివ్వండి. నోటీసు అందాక మాత్రం వాళ్ళకి నేరుగా పంపొద్దని చెప్పండి, పంపితే రెండోసారి కోర్టుకి కట్టాల్సి రావచ్చు. అవార్డు కాపీ, కాంట్రాక్ట్, నోటీసుల మెయిల్స్ అన్నీ ఒక ఫైల్ చేసి విజయవాడలో ఏపీ హైకోర్టు ప్రాక్టీస్ ఉన్నవాళ్ళని పట్టుకోండి, పేర్లు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి.